తుడిచినా పోని మసక

“నీకు శుభ్రంగానే కనిపించింది కదా, మరి నోరెందుకు మూసుకుని కూర్చున్నావే?”

కంటి ఆసుపత్రి వరండాలో ఆమెను ఆడపడుచు అడిగిన ప్రశ్న ఇది. పక్క బెంచీ మీద ఒక కంటికి కట్టు కట్టించుకుని కూర్చున్న ముసలాయన రెండో కంటితో ఇటు తిరిగి చూశాడు. లోపలి గదిలో ఆమె భర్త, ఊళ్ళో కాలేజీలన్నీ మైక్రోస్కోపు మాస్టారని పిలిచే మనిషి, గడ్డం స్టాండు మీద ఆనించి డాక్టరు వేసిన వెలుగులోకి చూస్తున్నాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. అతనికి వినబడిందో లేదో ఆమెకు తెలియలేదు. ఆమె చేతిలోని మందుల చీటీని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

ఆడపడుచు నోరు మంచిది కాదని చుట్టాల్లో పేరు. నోటి సంగతి ఎలా ఉన్నా ప్రశ్న మాత్రం సరైనదే. దానికి జవాబు ఒక్క ముక్కలో రాదు. లెన్సులు తుడిచే పని గురించి కొంత తెలిస్తే తప్ప అసలు రాదు.

వాళ్ళ దుకాణం ఇంటి ముందుగదే. ఒక పక్క దర్జీ, ఇంకో పక్క తాళాలు బాగుచేసేవాడు. దర్జీ మిషను ఆడినప్పుడల్లా వీళ్ళ బల్ల మీది లెన్సులు సన్నగా వణికేవి. మాస్టారు వెళ్ళి కొన్నాళ్ళు పోట్లాడాడు, తర్వాత బల్ల కాళ్ళ కింద పాత స్కూటరు టైరు ముక్కలు పెట్టి ఊరుకున్నాడు. కిటికీకి నల్ల కర్టెను. కర్టెను దించితే పట్టపగలే గది చీకటైపోతుంది. వెనక వంటిల్లు, పక్కనే పడకగది. సంసారమంతా అంతే.

ఒకప్పుడు పరికరాలమ్మే కంపెనీలో రిపేరు మెకానిక్కుగా చేసిన మనిషి అతను. కంపెనీ ఆ విభాగం ఎత్తేశాక సొంతంగా మొదలుపెట్టాడు. పళ్ళచక్రాలు, స్క్రూలు, బిగుసుకుపోయిన మరలు అతని చేతికి లొంగేవి. లెన్సులు లొంగేవి కావు. పెళ్ళైన కొత్తలో ఆమె పని సన్నటి పుల్లలకు దూది చుట్టడం. ఒకరోజు అతను లెన్సు తుడవడం చూసి, “గిన్నె తోముతున్నారా ఏంటి?” అంది.

“అంత చేతనైనదానివైతే నువ్వే తుడువు.”

తుడిచింది. ఆ రోజు నుంచి లెన్సులు ఆమెవి అయ్యాయి.

ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టాలి. ఇసుకరేణువు ఒక్కటి మిగిలినా తుడిచేటప్పుడు గాజును గీకేస్తుంది. తర్వాత లెన్సు పేపరుకు ఒకే ఒక చుక్క స్పిరిటు అంటించి, నడిమధ్య నుంచి అంచు వైపుకి గుండ్రంగా ఒక్కసారి తిప్పాలి. ఆ పేపరు పారేయాలి. ఇంకోసారి తుడవాలంటే ఇంకో పేపరు. ఆఖర్న లెన్సు మీద నోటి ఆవిరి పట్టించి చూడాలి. ఆవిరి ఒకే తీరున, ఒక్కపెట్టున మాయమైతే గాజు శుభ్రం. ఎక్కడైనా మరకలా ఆగిందంటే అక్కడ నూనె ఉన్నట్టు. “రుద్దడం కాదే, దుమ్మును బతిమాలి పంపించడం,” అనేవాడు మాస్టారు. తన వేళ్ళకు రాని విద్య గురించి అతను చాలా అందంగా మాట్లాడేవాడు.

తుడిచేది ఆమె. అయిందని చెప్పేది అతను. ఆ ఇంట్లో పనికి ఏర్పడ్డ పద్ధతి అది. లెన్సును మైక్రోస్కోపుకి బిగించి, కర్టెను దించి, సీతాకోకచిలుక రెక్క పొడి ఉన్న స్లైడు పెట్టి, ఎడమ కన్ను గట్టిగా మూసి కుడి కంటితో చూసేవాడు. పొడిలోని గీతలు దేనికది విడిగా కనిపిస్తే వేలి ముడితో బల్ల మీద ఒక్కసారి తట్టేవాడు. మెచ్చుకోలు, జీతం, ముద్దు మాట అన్నీ ఆ తట్టులోనే. వంటింట్లో ఉన్నా ఆమె చెవి దానికోసమే ఉండేది.

కాలేజీ పిల్లలు పరికరాలు మోసుకొచ్చి “మసగ్గా ఉంది మాస్టారూ” అంటే అతనికి ఒళ్ళు మండేది. “మసక కనిపించగానే నా దగ్గరికి పరిగెత్తుకు రావడమేనా? ముందు కన్ను ఆనించే ఐపీసు తిప్పండి. దాంతోపాటు మచ్చ తిరిగితే అది ఐపీసుది. తిరగలేదా, స్లైడు జరపండి. మచ్చ జరిగితే స్లైడుది. అదీ కాదా, లెన్సు మార్చండి. పోతే లెన్సుది. ఇవన్నీ కదిపినా కదలని మసకుందంటే అది మీ కంట్లో ఉన్నట్టు. కళ్ళ డాక్టరు దగ్గరికి పొండి, నా దగ్గరికి కాదు.” పిల్లలు నవ్వేవాళ్ళు. ఆమె ఈ ఉపన్యాసం ఎన్నిసార్లు విందో లెక్కలేదు. తలుపు చాటు నుంచి అతనికంటే ముందే పెదవులు కదిపేది.

ఆ వానాకాలం ఒక కాలేజీ పరిశోధన విభాగం నుంచి ల్యాబు అటెండరు వచ్చాడు. జేబురుమాల్లో చుట్టిన లెన్సును పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించాడు.

“అక్కా, ఇది చాలా ఖరీదైన నలభై లెన్సు. ఎవడో పిల్లాడు స్లైడు మీద నూనె వేసి వంద లెన్సుతో చూసి, ఆ నూనెలోంచే దీన్ని ఈడ్చుకుంటూ తిప్పాడు. ఎండి అంటుకుపోయింది. మా సారు చూస్తే నన్ను అమ్మేసి కొత్తది కొంటాడు.”

“నిన్ను అమ్మితే దీని డబ్బా కూడా రాదులే,” అన్నాడు మాస్టారు.

పని చిన్నదే. వంద రెట్లు పెద్దది చేసి చూపే లెన్సు నూనెలో మునిగి చూస్తుంది, నలభై రెట్లది పొడిగా చూడాలి. నూనె అంటితే దానికి అంతా పొగమంచే. ఆమె ఆ మధ్యాహ్నమే ఎండిన నూనెను నానబెట్టి, పేపరు తర్వాత పేపరు మార్చి తీసేసింది. ఆవిరి పట్టించింది. ఆవిరి ఒక్కపెట్టున పోయింది. లెన్సు బాగైపోయింది. ఈ కథలో లెన్సుకు సంబంధించినంతవరకు జరగాల్సిందంతా ఆ మధ్యాహ్నమే జరిగిపోయింది. మిగతాదంతా అనవసరంగా జరిగింది.

సాయంత్రం కర్టెను దించి మాస్టారు చూశాడు. తట్టు వినబడలేదు.

“మసక పోలేదు.”

ఆమె వచ్చి చూసింది. రెక్క గీతలు దువ్వెన పళ్ళలా విడివిడిగా ఉన్నాయి. “నాకు బాగానే ఉందండీ.”

“నువ్వు చూసేది గాజును. నేను చూసేది బొమ్మని. తుడువు మళ్ళీ.”

తుడిచింది. పొద్దున్నే అతను చూసి, “ఇప్పుడు చూడు, ఎంత బాగుందో. నిన్న ఏదో పరధ్యానంలో తుడిచి ఉంటావు,” అన్నాడు. ఆమెకు నిజమేనేమో అనిపించింది. సాయంత్రానికి మసక మళ్ళీ వచ్చింది. పొద్దున్నకి పోయింది. ఇలా రోజులు నడిచాయి. ఆమె తుడిచినప్పుడల్లా తెల్లారేసరికి బాగైపోవడం వల్ల, తప్పు తుడవడంలోనే ఉందన్న నమ్మకం ఇద్దరిలో గట్టిపడిపోయింది. పొరపాటుకి ప్రతి ఉదయం ఒక కొత్త సాక్ష్యం దొరికేది.

మాస్టారు ఒక సిద్ధాంతం కూడా కట్టాడు. నూనె అంచుల సందులోంచి లోపలికి పాకింది, పగలు వేడికి ఓ మూలకి చేరుతోంది, సాయంత్రం గది చల్లబడగానే పరుచుకుంటోంది. వినడానికి బాగుంది. తర్వాత షాపులోని మిగతా లెన్సుల్లోనూ సాయంత్రం మసక కనిపించసాగింది. అప్పుడు సిద్ధాంతాన్ని కొంచెం సాగదీశాడు. గదిలో చెమ్మ ఎక్కువైంది, అన్నిటికీ బూజు పడుతోంది. చెమ్మ పీల్చే గుళికల డబ్బాలు తెచ్చాడు. బల్బు వెలిగించిన చెక్కపెట్టెలో లెన్సులన్నీ పడుకోబెట్టాడు. కొట్లో ఉన్న ప్రతి గాజుకీ ఒకే జబ్బు ఎందుకొచ్చిందని మాత్రం, పిల్లలకు అంత పాఠం చెప్పిన మనిషి, ఒక్కసారీ తనను తాను అడగలేదు.

ఇంట్లో మాటలు ముదిరాయి.

“నీ చెయ్యి మొద్దుబారిపోయిందే.”

“మీ నోరు మొద్దుబారలేదు, అదే సంతోషం.”

పైకి అలా అంది గానీ ఆమెకు తన చేతి మీదా కంటి మీదా నమ్మకం సడలింది. ఇక్కడ ఒక మాట. ఇలాంటి ఆడవాళ్ళ గురించి రాసేటప్పుడు మొగుడి మాట జవదాటని ఇల్లాలు అని ఓ దండ వేసే అలవాటుంది. ఆవిడ అలాంటిదేం కాదు. అద్దె బేరంలో, కూరల బేరంలో, ఎవరింటికి వెళ్ళాలి ఎవరింటికి వెళ్ళక్కర్లేదు అనే విషయంలో అతని మాట ఏనాడూ ఖాతరు చేయలేదు. ఒక్క లెన్సు దగ్గరే తగ్గేది. అయిందని చెప్పే కన్ను అతనిది కాబట్టి. పెళ్ళైన నాటి నుంచీ ఆ తట్టు లేకుండా తన పని పూర్తయిందని ఆమె అనుకున్న రోజు లేదు.

ఒకరోజు చీకటి పడుతుండగా అతను కనుబొమల దగ్గర నొక్కుకుంటూ వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడ్డాడు. తలనొప్పి అన్నాడు. తల పైకెత్తి బల్బు వైపు చూశాడు.

“దాని చుట్టూ రంగుల చుట్టు కనిపిస్తోందే. దీనికీ నూనె పట్టినట్టుంది. తుడువు,” అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. దీపం ఆర్పి, చల్లారేదాకా ఆగి, స్టూలెక్కి బల్బును తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచింది. లెన్సులు తుడిచే మనిషి కాబట్టి ముందు తుడిచే చూసింది. దిగి స్విచ్చి వేసింది.

“పోయిందా?”

“ఊహూఁ. అలాగే ఉంది. పచ్చగా, ఎర్రగా.”

ఆమె స్టూలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. అక్కడ ఐపీసు లేదు తిప్పడానికి. స్లైడు లేదు. లెన్సు లేదు. అన్నీ తీసేశాక మిగిలింది ఆ మనిషే. తలుపు చాటున పెదవులు కదిపి నేర్చుకున్న పాఠంలో ఆఖరి మాట ఆమెకు గుర్తొచ్చింది. ఆ మాట అనలేదు.

ఎందుకనలేదో ఆమె తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకుంది. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. కాలేజీల మైక్రోస్కోపులు గోడ వారగా మనిషెత్తు పేర్చి ఉన్నాయి. మాస్టారి కన్ను పోయిందటన్న మాట ఒక్క అటెండరు చెవిన పడితే చాలు, ఊరంతా టముకు వేసినట్టే. ఆ వయసులో కన్ను మసకేస్తే శుక్లమే అనుకుంది. శుక్లానికి తొందరేముంది, పరీక్షలయ్యాక ఆపరేషను చేయిస్తే మునుపటికంటే బాగా కనిపిస్తుంది. ఆడపడుచుకి మాత్రం ఫోనులో చెప్పుకుని ఏడ్చింది. “నాకు శుభ్రంగానే కనిపిస్తోంది వదినా, ఆయనకే కనిపించట్లేదు,” అని. ఒక్కసారి ధైర్యం చేసి అతనితో, “కళ్ళద్దాలు మార్పించుకోరాదూ,” అంది.

“నా కంటికి వంక పెడుతున్నావా?”

ఆమె టీ పెట్టడానికి లేచింది. చెప్పాల్సిన మాట అక్కడే ఆగిపోయింది.

ఆ వారంలోనే అతను నలభై లెన్సును తెరుస్తానన్నాడు. ఆమె అడ్డుపడింది. అలాంటి లెన్సు లోపల గాజులు జంటలుగా జిగురుతో అతికి ఉంటాయి, వాటిని కంపెనీవాళ్ళు తప్ప ఎవరూ విప్పరు. ఆ సంగతి ఆమెకు నేర్పింది అతనే. “వద్దండీ, మన పని కాదది,” అంది. “లోపలేం లేదు, మీ కన్నే” అని మాత్రం అనలేకపోయింది. తప్పు కారణం చెప్పి ఆపబోతే మనిషి ఆగుతాడా? సాయంత్రం కర్టెను దించుకుని తనే విప్పాడు. కనిపించని నూనె కోసం స్పిరిటు ధారాళంగా పోశాడు. మళ్ళీ బిగించాడు. పొద్దున్నే, ఇద్దరిలో ఎవరూ చూడకముందే, అటెండరు తొందరగా వచ్చి పట్టుకెళ్ళాడు.

మర్నాడే తిరిగొచ్చాడు. ఈసారి జోకులేం వేయలేదు.

“మాస్టారూ, పంపినదానికంటే పాడై వచ్చిందంటున్నారు. మీరే చూడండి.”

కిటికీ తెరిచి ఉంది. పగటి వెలుగు. మాస్టారు ఐపీసును తిరగేసి భూతద్దంలా పట్టుకుని లెన్సులోకి చూశాడు. జిగురులోకి స్పిరిటు దిగి, గాజుల మధ్య అంచు నుంచి లోపలికి తెల్లటి పువ్వులా పగిలిన మరక. పగలు అతనికి బాగానే కనిపించేది. తను చేసిన పని అతనికి చాలా స్పష్టంగా కనిపించింది.

“ఇది మన దగ్గర పాడైంది,” అన్నాడు అటెండరుతో.

అటెండరు వెళ్ళాక కర్టెను దించేశాడు. అన్నానికి లేవలేదు. చీకట్లో తల వంచుకుని, చిన్న లైటు కింద ఆ జంట గాజుల్ని మళ్ళీ దగ్గరికి చేర్చాలని సాయంత్రందాకా తంటాలు పడ్డాడు. ఆమె రెండుసార్లు కర్టెను పక్కకు లాగితే రెండుసార్లూ మూసేశాడు. దీపాలు పెట్టే వేళకి కుడి కన్ను రక్తం కక్కినట్టు ఎర్రబడింది. తల పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఏదో పార్శ్వపు నొప్పి అనుకుని మాత్ర వేసి పడుకోబెట్టింది. తెల్లవారి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఆ కంటికి వేళ్ళు లెక్కపెట్టడం రాలేదు.

డాక్టరు పెద్ద వయసావిడ, మాటలు పొదుపు. “కంట్లో నీరు పోయే దారి మూసుకుపోయి ఒత్తిడి పెరిగింది. ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. సాయంత్రాలు మసక, దీపం చుట్టూ రంగులు కనిపించేవా?”

“కనిపించేవి,” అన్నాడు.

“పొద్దున్నకి తగ్గిపోయేదా?”

“తగ్గిపోయేది.”

“చీకటి గదిలో తల వంచుకుని చేసే పని దీన్ని ఇంకా రెచ్చగొడుతుంది. అప్పుడే వచ్చి ఉంటే లేజరుతో లోపలి పొరలో సూదిమొనంత దారి చేసేవాళ్ళం. అంతే పని. ఇప్పుడు నరం దెబ్బతింది. పోయింది రాదు. ఎడమ కన్ను కూడా సగం పోయింది, ఉన్నదాన్ని కాపాడుకోవాలి.”

అప్పటికి ఆడపడుచు కూడా ఆసుపత్రికి చేరుకుంది. ఫోనులో విన్న మాట ఆవిడ మర్చిపోలేదు. డాక్టరు అతన్ని ఇంకోసారి పరీక్షిస్తుండగా వరండాలో ఆ ప్రశ్న వేసింది.

ఇంటికొచ్చాక ఓదార్చేవాళ్ళు వచ్చారు. బయటి చూపు పోతే లోచూపు తెరుచుకుంటుందని ఒక పెద్దమనిషి అన్నాడు. “ఆ లోచూపుతో ఒక్క స్క్రూ బిగించి చూపించి, అప్పుడు మాట్లాడండి,” అన్నాడు మాస్టారు. ఆ తర్వాత ఓదార్చేవాళ్ళు తగ్గారు.

ఆమె వేళకి చుక్కల మందు వేసేది. అతను తల వెనక్కి వాల్చేవాడు. ఒకరోజు మందు పడ్డాక కళ్ళు మూసుకునే అడిగాడు.

“బల్బు తుడిచావే, ఆ రోజు. నీకు అర్థమైందా?”

అబద్ధం చెప్పొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఆమె సీసా మూత బిగించింది.

“అయింది.”

అతని చెంప మీదికి జారింది మందో కన్నీరో ఆమె తుడవబోతే చెయ్యి పక్కకు తోశాడు. తనే తుడుచుకుని, “అక్క అడిగింది నాకు వినబడింది,” అన్నాడు.

“శుక్లం అనుకున్నానండీ.”

“నేను నూనె అనుకున్నాను.”

అంతకు మించి ఆ విషయం మాట్లాడుకోలేదు. అతను అరిచి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది. అరవలేదు. కొన్నాళ్ళు అవసరానికి తప్ప పలకలేదు. దర్జీ మిషను చప్పుడే ఆ ఇంట్లో మాట. గోడ వారనున్న మైక్రోస్కోపులు చాలావరకు కాలేజీలవాళ్ళు వెనక్కి పట్టుకుపోయారు. మిగిలినవాటిని ఆమె ఒక్కతే విప్పి, తుడిచి, బిగించడం నేర్చుకుంది. స్క్రూలు చేతిలోంచి జారిపోయి టైరు ముక్కల సందుల్లో పడేవి. అతను చప్పుడు విని, “బల్ల ఎడమ కాలు దగ్గర,” అనేవాడు. అక్కడే ఉండేది.

మొన్న అటెండరు సొంతంగా ఒక పాత లెన్సు తెచ్చిచ్చాడు, జాలిపడి తెచ్చాడని ఇద్దరికీ తెలుసు. ఆమె తుడిచింది. ఆవిరి పట్టించి చూసింది. బిగించి, రెక్క పొడి స్లైడు పెట్టి, అలవాటు కొద్దీ పక్కకి జరిగింది. అతను తడుముకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమ కన్ను ఐపీసుకి ఆనించాడు. ఇన్నేళ్ళూ మూసి ఉంచిన కన్ను. కొంచెంసేపు అటూ ఇటూ వెతికి, తల ఎత్తేశాడు.

“ఎలా ఉంది?” అన్నాడు. ఆ మాట అతను ఆమెను అడగడం అదే మొదలు.

“శుభ్రంగా ఉంది.”

“నిజంగా?”

“గీతలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయండీ.”

“ఇంత గట్టిగా అప్పుడు చెప్పాల్సింది,” అన్నాడు. “నేనూ వినాల్సింది.”

వేలి ముడి బల్ల కోసం వెతుక్కుంది. దొరికాక, ఒక్కసారి తట్టాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, దీపం వేయకుండా, చాలాసేపు నిలబడింది.

పాడైన నలభై లెన్సు తాలూకు డబ్బు కాలేజీవాళ్ళు రిపేరు బిల్లుల్లోంచి కొంచెం కొంచెంగా పట్టుకుంటున్నారు. దాని ఖరీదులో సగానికి పైగా ఇంకా బాకీ ఉంది.